అసుంతాకి తట్టు పోసిన వారం

పాల్మీరా ఇంటి తాడు మీద ఆరేసిన పిల్లల బట్టలు లెక్కపెట్టడం జెలిందాకి పదకొండేళ్ళుగా అలవాటు. లెక్కపెట్టకూడదు అనుకుంటూనే లెక్కపెట్టేది. మొదట్లో రెండు చిన్న గౌన్లుండేవి. తర్వాత నాలుగయ్యాయి. ఆ పైన నిక్కర్లు, మేజోళ్ళు, మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డలు. చలికాలంలో అవన్నీ బిర్రబిగిసిపోయి, ఎత్తుకోమని చేతులు చాపిన పిల్లల్లా వేలాడేవి. జెలిందా తాడు మీద మాత్రం ఏడాది పొడుగునా మగవాళ్ళ బట్టలే. భర్త ఒరెస్తేవి, ఆమె దగ్గర నెలవారీ భోజనం చేసే ఆరుగురు రాతిపనివాళ్ళవి. ఎంత ఉతికినా రాతిదుమ్ము వదలని చొక్కాలు.

ఇద్దరిదీ ఇటలీలో ఒకే ఊరు, పాలరాతి గనుల కింద ఉన్న ఊరు. ఒకే ఏడాది ఓడెక్కి ఈ వెర్మాంట్ కొండల్లోని బ్యారీకి వచ్చారు. ఇక్కడ పాలరాయి లేదు, గ్రానైట్ ఉంది. ఒరెస్తే సమాధిరాళ్ళ మీద లిల్లీపూలు, దేవదూతలు చెక్కేవాడు. పాల్మీరాకి ఐదుగురు పిల్లలు పుట్టారు. జెలిందాకి రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నిలవలేదు.

"దేవుడు నా వాటా కూడా పొరపాటున పక్కింట్లో పడేసి పోయాడు" అందొకసారి.

ఒరెస్తే దేవుణ్ణి నమ్మడు. "పొరపాట్లు పడ్డానికి ఆయనేమన్నా టపా బంట్రోతా?" అని నవ్వాడు. ఆ నవ్వుకి జెలిందా వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

పందొమ్మిది వందల పన్నెండు, ఫిబ్రవరి నెల. కింద మసాచుసెట్స్‌లో లారెన్స్ అనే మిల్లుల ఊళ్ళో ఇరవై వేల మందికి పైగా కూలీలు సమ్మెలో ఉన్నారు. ఆడవాళ్ళ చేత, పిల్లల చేత వారానికి రెండు గంటలు తక్కువ పని చేయించమని చట్టం వస్తే, యజమానులు ఆ రెండు గంటల కూలీ కోసేశారు. నిప్పు అక్కడ రాజుకుంది. సమ్మె తెగేదాకా మా పిల్లలకి నాలుగు మెతుకులు పెట్టండని అక్కడి సంఘం ఊరూరికీ కబురు పెట్టింది. ముప్పై ఐదుగురిని పంపమని బ్యారీ రాతిపనివాళ్ళు బదులిచ్చారు.

"మన పేరు కూడా రాయించి వచ్చా" అన్నాడు ఒరెస్తే, గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ.

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటావుగా."

"వద్దనే అంటాను. వచ్చేదంతా మన ఇటలీలో ఆ దక్షిణాది జనం. తలనిండా పేలు. వాళ్ళ మాట మనకి తెలీదు, మన తిండి వాళ్ళకి ఎక్కదు." ఒక్క క్షణం ఆగింది. "పాల్మీరా తీసుకుంటోందా?"

"ఇద్దర్ని. ఎవరింటికి ఎవర్ని పంపాలో చూసేది కూడా తనే."

"ఐదుగురు చాలక ఇంకో ఇద్దరా! మహాతల్లి!" అని జెలిందా విసురుగా లేచి వెళ్ళింది. కానీ ఆ వారమంతా వెనక గది నేలని ఇసక వేసి మూడుసార్లు తోమింది.

పిల్లలు శనివారం సాయంత్రం రైలు దిగారు. ఊరు ఊరంతా స్టేషన్ దగ్గరే ఉంది. బ్యాండు వాయిస్తూ, మంచులో ఊరేగింపుగా వాళ్ళని సంఘం హాలుకి తీసుకొచ్చారు. ఒక్కో పిల్ల రొమ్ము దగ్గర బట్టకి పేరు రాసిన గుడ్డ ముక్క కుట్టి ఉంది. పాల్మీరా కాగితం పట్టుకుని బల్ల దగ్గర నిలబడి పేర్లు పిలుస్తోంది. జెలిందా మెడ చాపి చూసింది. ముద్దొచ్చే పిల్లలు ఇద్దర్ని తను ఉంచుకుని, మిగిలినవాళ్ళని ఊరికి పంచుతుంది చూడు, అనుకుంది. తీరా చూస్తే పాల్మీరా ఉంచుకున్నది చీమిడి ముక్కుల అన్నదమ్ముల్ని. ఒకడు అప్పటికే చొక్కా మీద వాంతి చేసుకున్నాడు.

"అసుంతా!" అని పిలిచింది. పెద్దమగవాడి కోటు తొడుక్కున్న ఎనిమిదేళ్ళ పిల్ల ముందుకొచ్చింది. కోటు మోకాళ్ళ కిందికి ఉంది. కళ్ళు మాత్రం ఎవరికీ బాకీ లేనట్టు సూటిగా ఉన్నాయి. పాల్మీరా వంగి చెప్పింది: "ఇదిగో, నువ్వు ఉండేది ఈవిడ దగ్గర. పెద్దమ్మా అని పిలువు, సరేనా?"

"సరే. పెద్దమ్మా, నాకు ఆకలేస్తోంది" అంది పిల్ల.

ఆ పిలుపులో అమ్మ ఉంది గాని, ముందర ఆ 'పెద్ద' అడ్డంగా నిలబడింది. అది కూడా పాల్మీరా నేర్పిన మాటేనాయె.

మొదటి రెండు రోజులూ అసుంతా తిన్నంత తిని, మిగిలిన రొట్టె తలగడ కింద దాచింది. మూడో రోజు నుంచి దాచడం మానేసింది. ఆ వేళ తలగడ ఎత్తి చూసి, అక్కడేమీ లేకపోతే, జెలిందా మంచం అంచున కూర్చుని కళ్ళు తుడుచుకుంది. తల దువ్వితే పేలు లేవు. వేన్నీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, తన మంచి నీలం ఉన్ని లంగా కోసి పిల్లకి కోటు కుట్టింది. ఆ లంగా పెళ్ళినాటిది.

"మీ అమ్మ ఉన్ని బట్ట నేస్తుందన్నావు కదే. మరి నీ ఒంటి మీద ఉన్నిపోగు ఒక్కటీ లేదేం?" అని అడిగింది కొలతలు తీస్తూ.

"అది మాది కాదుగా, మిల్లుది" అంది అసుంతా, ఇంత పెద్దదానివి నీకా మాత్రం తెలీదా అన్నట్టు.

పిల్ల నోట రోజుకి వందసార్లు ఆ మాటే. మా అమ్మ చారులో మిరపకాయ వేస్తుంది. మా అమ్మ రొట్టెని కత్తితో కొయ్యదు, చేత్తో తుంచుతుంది. మా అమ్మ ఈల వేస్తే మిల్లు కూత కూడా వినపడదు. జెలిందా చారులో మిరపకాయ వేసింది. ఆరుగురు రాతిపనివాళ్ళూ దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నారు. అసుంతా ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇలా కాదు" అంది.

మధ్యాహ్నాలు పిల్ల పాల్మీరా ఇంటికి ఆడుకోవడానికి పరిగెత్తేది. కంచె అవతలి నుంచి కేరింతలు వినపడుతుంటే జెలిందా చేతిలో పని సాగేది కాదు. తలుపు తీసి, "అసుంతా, ఒకసారి రా!" అని పిలిచేది. వచ్చాక చెప్పడానికి పనేమీ ఉండేది కాదు. ఒక చెంచాడు తేనె నాకించి మళ్ళీ పంపేది.

పిల్లలు వచ్చిన వారానికి పాల్మీరా పిండి చేతులతోనే వార్తాపత్రిక పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"చూశావా ఒరెస్తే, ఈ ఘోరం! ఇంకో జట్టు పిల్లల్ని ఫిలడెల్ఫియా బండి ఎక్కించబోతుంటే పోలీసులు స్టేషన్లోనే తల్లుల మీద పడ్డారట. కర్రలతో! పిల్లలు చూస్తుండగా! ఈడ్చుకెళ్ళి బండ్లలో పడేసి జైల్లో పెట్టారట."

మరో నాలుగు రోజులకి అసుంతా పేర ఉత్తరం వచ్చింది. తల్లి సెరఫీనాకి చదువు రాదు, ఎవరి చేతో రాయించింది. ఒరెస్తే చదివి వినిపించాడు. అసుంతా తమ్ముణ్ణి రైలెక్కించడానికి వెళ్ళిందట, తనకీ రెండు దెబ్బలు తగిలాయట, ఒక రాత్రి లోపల పెట్టి వదిలేశారట. 'నా గురించి బెంగ పెట్టుకోకు తల్లీ. నేను బాగానే ఉన్నాను. ఆ పోలీసాయన చెయ్యే బాగాలేదు. కొరికాను.'

ఒరెస్తే పగలబడి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆ ముక్క మళ్ళీ చదివాడు. భోజనానికొచ్చిన ఆరుగురికీ మళ్ళీ చదివాడు. ఆదివారం సభలో అసుంతాని బల్ల మీదికి ఎక్కించి, మీ అమ్మ ఏం చేసిందో చెప్పమన్నారు. నీలం కోటు తొడుక్కుని పిల్ల గొంతెత్తి చెప్పింది: "మా అమ్మ పోలీసుని కొరికింది! మా అమ్మ పళ్ళు గట్టివి!"

హాలు ఊగిపోయింది. రెండు వందల మంది చప్పట్లు, నేల మీద బూట్ల మోత. ఒరెస్తే టోపీ తీసి రొమ్ముకి ఆనించుకున్నాడు. పాతికేళ్ళలో ఏ చర్చి ముందూ తియ్యని టోపీ అది. జెలిందా ఎప్పుడూ సభలకి రాదు. ఆ రోజు పిల్ల కోసం వచ్చి, హాలు చివర కాఫీ కూజాతో నిలబడింది. ఆ హాల్లో ఆమె వండింది తినని ఇల్లు అరుదు. జబ్బుపడ్డవాళ్ళకి గంజి కాచింది, పోయినవాళ్ళ ఇళ్ళకి కుండలు మోసింది. ఈ ఊరొచ్చిన పద్నాలుగేళ్ళలో ఒక్క రోజూ పొయ్యి ఆరనివ్వలేదు. అదంతా గాలి పీల్చినట్టు, నీళ్ళు తాగినట్టు ఎవరికీ కనపడలేదు. ఎక్కడో ఎవర్తో ఒక చెయ్యి కొరికితే మాత్రం ఊరు లేచి నిలబడింది.

దారిలో ఒరెస్తే అన్నాడు: "మనిషంటే అలా ఉండాలి. అలాంటి ఆడవాళ్ళు పదిమంది ఉంటే చాలు..."

"అవును మరి. రేపు నేనూ పోయి ఎవడి చెయ్యో కొరుకుతాను. జైల్లో వేస్తారు. నీకూ నీ ఆరుగురు తిండిపోతులకీ ఆవిడొచ్చి వండి పెడుతుందిలే."

"అబ్బ, నేనేమన్నాననే ఇప్పుడు?"

"ఏమీ అనలేదు. టోపీ తీశావు."

అతనికి అర్థం కాలేదు. అసుంతా ఇద్దరి మధ్యా చెరో చెయ్యి పట్టుకుని, గడ్డకట్టిన మంచు మీద జారుతూ నడుస్తోంది.

మార్చి నడిమికి సమ్మె గెలిచింది. కూలి పెరిగింది, తక్కువ కూలి వచ్చేవాళ్ళకే ఎక్కువ పెరిగింది. బ్యారీలో కూడా ఆ రోజు ద్రాక్షసారా పీపాలు తెరిచారు. పిల్లల్ని నెలాఖరు శనివారం తిరిగి పంపాలని నిశ్చయమైంది. అసుంతా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ, ఇల్లంతా గంతులేస్తూ తిరిగింది. ఆ గంతు ఒక్కొక్కటీ జెలిందా రొమ్ము మీద పడ్డట్టే ఉంది. ఆరు వారాలు కడుపు నింపినదాన్ని వదిలిపోతున్నందుకు ఒక్క కన్నీటి చుక్క లేదు. ఎండు రొట్టె పెట్టిన తల్లి కోసం ఇంత సంబరమా?

గురువారం పొద్దున్న కంచె దగ్గర పాల్మీరా కనిపించి, "పిల్ల బట్టలు మూట కట్టావా?" అని అడిగింది.

జెలిందా ముందుగా అనుకున్నది కాదు. నోరు తెరిస్తే మాట దానంతటదే వచ్చింది.

"దానికి తట్టు పోసిందమ్మా. రాత్రి నుంచి ఒళ్ళు కాలిపోతోంది."

"అయ్యో! డాక్టర్ని పిలిచావా?"

"తట్టుకి డాక్టరెందుకు? మా అమ్మ ఐదుగురికి చూడలేదూ."

"ఉండు, చేతులు కడుక్కుని వచ్చి ఒకసారి చూస్తా."

"నువ్వు రాకు. ఇంట్లో ఏడుగురు పిల్లల్ని పెట్టుకుని! అంటుకుంటే ఆ పాపం నాకెందుకు?"

పాల్మీరా ఆమె ముఖంలోకి ఒక్క నిమిషం చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, జెలిందా ఊరికే శాలువా సర్దుకుంది. "సరేలే" అంది పాల్మీరా. "లారెన్స్‌కి కబురు పెడతాను. తగ్గాక ఎవరినైనా తోడిచ్చి పంపుదాం."

ఇక అబద్ధానికి కాపలా కాయాల్సొచ్చింది. పిల్లని మంచం దిగనివ్వలేదు. "నీకు ఒళ్ళు వెచ్చగా ఉందమ్మా. బండి వచ్చే వారం కూడా ఉంది, అందులో పోదువు" అంది. సాయంత్రం ఒరెస్తే వచ్చి మంచం పక్కన కూర్చుని పిల్ల నుదుటి మీద చెయ్యి వేశాడు. చాలాసేపు ఉంచాడు. "రాళ్ళు పట్టుకుని మొద్దుబారిన చేతులు, వీటికేం తెలుస్తుంది" అని లేచి వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున్న బ్యాండు వీధి చివర నుంచి స్టేషన్ వైపు కదిలింది. అసుంతా దుప్పట్లోంచి లేచి కూర్చుంది.

"పెద్దమ్మా, ఎవరు వెళ్తున్నారు?"

ఈ ఊళ్ళో రాతిపనివాళ్ళు దుమ్ము పీల్చి, నలభై దాటకుండానే దగ్గి దగ్గి పోతారు. బ్యాండుతోనే సాగనంపుతారు. "ఎవరిదో శవం తీసుకెళ్తున్నారమ్మా. పడుకో" అంది జెలిందా.

పిల్ల చెవి ఒగ్గి విన్నది. "శవానికి ఇంత హుషారు పాటా?" అంది.

జెలిందా కిటికీ తెర లాగేసింది. పాట దూరమై, రైలు కూత వినిపించి, అదీ ఆగిపోయింది. అసుంతా ఏమీ అడగలేదు. ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు నుంచి పిల్ల 'మా అమ్మ' అనడం మానేసింది. చారు ఎలా ఉందంటే బాగుందనేది. పాల్మీరా ఇంటికి పొమ్మన్నా వెళ్ళేది కాదు. చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చేది, వదిలితే ఆ చెయ్యి అలాగే కిందికి జారేది. ఇన్నాళ్ళూ ఏ మాట వినపడకూడదని జెలిందా కోరుకుందో, ఆ మాట లేక ఇల్లు బావురుమంది. అయినా ఆమె మనసులో ఒక మూల నుంచి సన్నగా వినపడేది: అలవాటు పడుతుందిలే. పిల్లలు దేనికైనా అలవాటు పడతారు.

బుధవారం పదకొండు గంటలకి జెలిందా మొక్కజొన్న సంకటి కెలుకుతుండగా తలుపు చప్పుడైంది. తీసింది. గుమ్మంలో తలకి శాలువా చుట్టుకున్న మనిషి. మోకాళ్ళ దాకా బురదమంచు. కణత మీద పసుపుపచ్చగా మారిన పాత దెబ్బ. ఊపిరి అందడం లేదు.

"బతికుందా?" అంది.

జెలిందా చేతిలో గరిటెతోనే తలుపు పట్టుకుని నిలబడింది.

"అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పండి. నా పిల్ల బతికుందా?"

ఇన్నాళ్ళూ జెలిందా ఊహలో సెరఫీనా ఆరడుగుల మనిషి. మెడ నిక్కించి, జెండా పట్టుకుని, పోలీసుల మధ్య నిలబడ్డ మనిషి. ఎదురుగా ఉన్నది ఆమె భుజం దాకా కూడా రాని, పాతికేళ్ళు దాటి ఎంతో కాలం కాని, ఒళ్ళంతా వణుకుతున్న పిల్లతల్లి.

"అమ్మా!" లోపలి గదిలోంచి అసుంతా దూసుకొచ్చింది.

సెరఫీనా కూలబడిపోయి పిల్లని గుమ్మంలోనే పట్టుకుంది. ముద్దు పెట్టుకోలేదు. ముందు చెవుల వెనక చూసింది. మెడ చూసింది. చొక్కా ఎత్తి రొమ్ము, వీపు చూసింది. నాలుక చాపమంది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు.

"తగ్గిపోయింది" అంది జెలిందా.

"నాకసలు జ్వరమే రాలేదమ్మా" అంది అసుంతా. "అందరూ బండెక్కి వెళ్ళిపోయారు. నన్ను మంచం మీద పడుకోబెట్టింది."

పొయ్యి మీద సంకటి బుడగలు వేస్తూ పొంగుతోంది. సెరఫీనా మెల్లగా తలెత్తి చూసింది.

"పోయిన చలికాలం మా చిన్నదాన్ని తట్టే తీసుకుపోయింది" అంది. "రెండేళ్ళది. ఈ పిల్ల చెప్పలేదా మీకు?"

"చెప్పలేదు."

"చెప్పదు. ఆ పేరెత్తదు." శాలువా కొంగుతో ముఖం తుడుచుకుంది. "తట్టు అని కబురొచ్చింది. మగ్గం ఆపి అలాగే రైలెక్కాను. దారంతా శవపెట్టె కొలత ఆలోచించుకుంటూ వచ్చాను. ఎంత పొడుగు పెట్టె కావాలి దీనికి, అని. తెలుస్తోందా నీకు? ఎంత పొడుగు పెట్టె కావాలి అని!"

మీరు కాస్తా నువ్వైంది. జెలిందా చెంప మీద దెబ్బ పడుతుందని కాచుకుంది. పడితే బాగుండుననుకుంది. సెరఫీనా కొట్టలేదు. లేచి నిలబడి, పిల్లని చంకల కింద పట్టుకుని ఎత్తబోయి, ఒక్కసారికి ఎత్తలేకపోయింది. రెండోసారి ఎత్తింది. ఎత్తి, ఆ బరువుతో అలాగే నిలబడిపోయింది. ముఖం రంగు మారింది.

"ఎంత బరువెక్కిందిది" అంది. పిల్ల బుగ్గ వంక చూసింది, వంకీకి తగిలించిన నీలం కోటు వంక చూసింది, తెరిచి ఉన్న గదిలో తెల్లటి దుప్పటి వంక చూసింది. "ఎనిమిదేళ్ళు పెంచాను. చేతికి ఎముకలే తగిలేవి. ఆరు వారాల్లో నువ్వు వాటిని కనపడకుండా చేశావు. అబద్ధం చెప్పావని కాదు నా కడుపు మంట. ఇది చూసి. ఈ బరువు నేను పెట్టింది కాదు. నా చేత కాలేదు. ఈ బరువు నీది."

జెలిందా నివ్వెరపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెని చూసి ఎవరూ కుళ్ళుకోలేదు. ఆ చూపు ఎలా ఉంటుందో లోపలి నుంచి తెలుసు గాని, ఎదురుగా చూడటం ఇదే మొదలు. తన ముఖం కూడా పాల్మీరా తాడు ముందు ఇలాగే ఉంటుందా? సంతోషం వేయలేదు. పొయ్యి మీంచి సంకటి కుండ దించింది.

అంతలో పన్నెండు కొట్టింది. రాయి చెక్కే షెడ్డుల కూత కూసింది. ఒరెస్తే, వెనక ఆరుగురూ దగ్గుకుంటూ, చేతులు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. పిల్లని ఎత్తుకున్న కొత్తమనిషిని చూసి ఆగిపోయారు.

"మా అమ్మ!" అంది అసుంతా.

అందరి టోపీలూ ఒక్కసారి కిందికి దిగాయి. ఒరెస్తే నాలుగు మాటలు మాట్లాడబోయి తడబడ్డాడు. "అమ్మా, మీరు... ఆ రోజు స్టేషన్లో... మా ఇంటికి మీరు రావడం..." అని, "పిల్లకి తట్టు నెమ్మదించింది కదా?" అన్నాడు.

సెరఫీనా జెలిందా వంక చూసింది. చాలాసేపు చూసి, "నెమ్మదించిందయ్యా" అంది. "మీ ఇంటావిడ బాగా చూసుకుంది."

అక్కడితో అయిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ మాట జెలిందా గొంతులో ముల్లులా దిగింది. ఊరు చప్పట్లు కొట్టింది ఈమెకే. పిల్ల పరిగెత్తింది ఈమె దగ్గరికే. ఇప్పుడు ఈ క్షమించే పెద్దరికం కూడా ఈమెకేనా? తను ఈమె చలవ వల్ల ముఖం ఎత్తుకు తిరగాలా? అది మాత్రం ఆమె ఓర్వలేకపోయింది.

"తట్టూ లేదు గిట్టూ లేదు" అంది గట్టిగా. "నేను అబద్ధమాడాను. పిల్లని పంపడం ఇష్టం లేక, పాల్మీరాకి, లారెన్స్ వాళ్ళకి, మీ అందరికీ అబద్ధం చెప్పాను. దీనికి తుమ్ము కూడా రాలేదు."

ఆరుగురూ నేల చూపులు చూశారు. ఒరెస్తే ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఏమీ అనలేదు.

ముందుగా మాట్లాడింది సెరఫీనాయే. "నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు" అంది కుర్చీ లాక్కుని. "ఉంటే పెట్టు."

జెలిందా సంకటి వడ్డించి, పైన జున్ను తురిమింది. సెరఫీనా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. "ఈ పచ్చ పిండిముద్ద తినా మీ వాళ్ళు అంతంత రాళ్ళు మోసేది?" అంది. ఆరుగురిలో ఒకడు ఆపుకోలేక నవ్వాడు. సెరఫీనా మాత్రం కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం అడిగింది.

రెండు గంటల బండికే బయలుదేరింది. తెల్లారేసరికి మగ్గం దగ్గర లేకపోతే చోటు పోతుందట. జెలిందా మూట పట్టుకుని వెనకాలే స్టేషన్ దాకా నడిచింది. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఎనిమిదేళ్ళ పిల్లని సెరఫీనా దారంతా ఎత్తుకునే నడిచింది. పదడుగులకోసారి ఆగి ఎగదోసుకునేది. రొప్పుతోంది.

"కాసేపు నాకివ్వు" అంది జెలిందా.

"అక్కర్లేదు."

"పోనీ దింపు. అదే నడుస్తుంది."

"నడవగలదని నాకూ తెలుసు."

బండి ఎక్కాక అసుంతా కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టింది. "పెద్దమ్మా, పాల్మీరా వాళ్ళ పిల్లలకి వెళ్ళొస్తానని చెప్పు" అంది. తనకేమన్నా చెబుతుందేమోనని జెలిందా కాచుకు నిలబడింది. బండి కదిలింది. పిల్ల అప్పటికే లోపలికి తిరిగి, తల్లి చెవిలో ఏదో గబగబా చెప్పుకుపోతోంది. ఐదు రోజుల మాటలు.

ఇంటికొచ్చేసరికి ఒరెస్తే బల్ల దగ్గరే ఉన్నాడు. మధ్యాహ్నం పనికి పోలేదు. ఎంగిలి కంచాలు అలాగే ఉన్నాయి.

"వెళ్ళారా?"

"వెళ్ళారు."

జెలిందా కంచాలు తీస్తుంటే అతను తల వంచుకునే అన్నాడు: "నాకు తెలుసే."

"ఏం తెలుసు?"

"నుదురు చల్లగా ఉంది. చేతులు మొద్దుబారినా ఆ మాత్రం తెలుస్తుంది. నోరు మూసుకున్నాను. నాకూ అది పోకూడదనే ఉంది. తప్పు నీది, పిల్ల మనది, అనుకున్నాను."

జెలిందా చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. "మరి ఆ ఆరుగురి ముందు నేనొక్కదాన్నే చెప్పుకుంటుంటే సున్నపుబొమ్మలా నిలబడ్డావేం?"

అతను ముందున్న ఎంగిలి కంచాన్ని పక్కకి జరిపాడు.

"ఆవిడ ముందు టోపీ తీసి నిలబడ్డావు చూడు, అందుకు. ఆవిడ దృష్టిలో చిన్నవాడివి కాకూడదు. పెళ్ళాం ఏమైనా ఫరవాలేదు."

"అవును" అన్నాడు ఒరెస్తే. "అందుకే."

ఆ ఆదివారం ఒరెస్తే సభలో లేచి నిలబడ్డాడు. జెలిందా కూడా వెళ్ళింది. ఈసారి కాఫీ కూజా పట్టుకోలేదు. ఆడవాళ్ళ బల్ల మీద పాల్మీరా జరిగి చోటిస్తే ఆమె పక్కన కూర్చుంది. ఒరెస్తే దగ్గి, గొంతు సవరించుకుని, లారెన్స్ పిల్లని జబ్బు అని చెప్పి ఆపింది తామిద్దరూనని, భార్య నోటితో చెప్పిందని, తను నోరు మూసుకుని చెప్పాడని అన్నాడు. అని నిలబడ్డాడు. ఈసారి చప్పట్లు లేవు. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. అధ్యక్షుడు కాగితాలు తిరగేసి, "సరే, కూర్చో" అన్నాడు. తర్వాత హాలు పైకప్పు కారుతున్న సంగతి చర్చకి వచ్చింది.